పసుపు దారం చేపలు

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. ఎసరు దాని పని అది చేసుకుంటుంది, చిన్నవాళ్ళను ఒడిలోకి తీసుకోండి. మొన్న వానాకాలంలో మా చెల్లెలి ఊరికి పోయి వచ్చిన సంగతి చెబుతాను. మీరెవరూ ఆ దారిన పోలేదు కాబట్టి మెల్లగానే చెబుతాను. ఇది నవ్వుకునే కథ కాదు. ముందే చెప్పలేదని ఆఖరున నన్ను తిట్టుకోవద్దు.

మాది కృష్ణ ఒడ్డు, వల వేసే ఇల్లు. మా చెల్లెలు యాదమ్మను మొయినాబాద్ అవతల, సురంగల్ దాటాక వచ్చే ఒక చిన్న పల్లెకు ఇచ్చారు. వాళ్ళదీ వల వేసే ఇల్లే. కాకపోతే వాళ్ళకు నది లేదు, ఉన్నది ఒక్క చెరువు. ఊరి చేపల సొసైటీలో ఉన్న ఇళ్ళన్నీ దాని మీదే బతుకుతాయి. వానాకాలం పోయే ముందు యాదమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, యూనివర్సిటోళ్ళు ఆఖరిసారి వస్తున్నరే. వాళ్ళు వదిలిన చేపలు బతికినయా లేదా చూస్తరట. బతికితే చెరువు మాకే. లేకుంటే బోటింగుకు ఇస్తరట. నువ్వొస్తే నాకు జర ధైర్యం."

సంగతేమిటంటే, ఆ చెరువు చేపలకు పనికొస్తుందా రాదా తేల్చి చెప్పమని పైవాళ్ళు ఒక విశ్వవిద్యాలయాన్ని అడిగారు. వాళ్ళు రెండేళ్ళ కింద గుర్తులు పెట్టిన చేపల్ని తెచ్చి చెరువులో వదిలారు. అవి మళ్ళీ వలలో పడితే చెరువు బాగున్నట్టు, పడకపోతే చెడినట్టు. మా చెల్లెలి బువ్వ ఆ చేపల వీపు మీద ఉందన్నమాట. ఎండు చేపలు మూట కట్టుకుని బయలుదేరాను.

మెహదీపట్నం నుంచి అజీజ్‌నగర్

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కానో లేదో, కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏమ్మా, మూటల ఏమున్నది? బస్సు బస్సంతా సముద్రమైంది."

"సముద్రం కాదు బిడ్డా, కృష్ణ."

"ఏ నదైనా మంచిదే గాని, సీటు కింద పెట్టు."

నా పక్కన ఎవరూ కూర్చోలేదు, ఒక్కామె తప్ప. రూతమ్మ ఆమె పేరు. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. "నా చేతులకు రోజూ ఉల్లిగడ్డ వాసనే, నీ చేపలు నన్నేం జేస్తయి" అంటూ కాళ్ళు జాపి కూర్చుంది. ఊరు దగ్గర పడగానే కిటికీలోంచి ఒక పొడవాటి తెల్లగోడ చూపించింది.

"అగో, అది మా బాపు వంకాయ తోట. ఇప్పుడు అండ్లనే నేను వంట చేస్త."

"ఎవరికి?"

"ఎవరొస్తే వాళ్ళకు. శనివారం వస్తరు, ఆదివారం పోతరు. నేను చర్చికి పోక ఎన్ని వారాలైందో నాకే యాదికి లేదు."

"సెలవు అడగరాదా తల్లీ?"

"అడిగిన. 'దేవుడు సోమవారం కూడా ఉంటడు గదా' అన్నడు మేనేజరు."

తానే పకపక నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దిగేముందు ఆమె నా చేతిలో ఒక జామకాయ పెట్టింది. ఆ తోటలో మిగిలిన చెట్టు అదొక్కటేనట, వాళ్ళ నాన్న నాటిందట. తింటే మన జామకాయలాగే ఉంది.

మొయినాబాద్‌లో దిగి

మొయినాబాద్‌లో చాయ్ తాగాను. ధర మనదానికన్నా ఎక్కువ, గ్లాసు మనదాంట్లో సగం. చాయ్ మాత్రం చిక్కగా ఉంది, అబద్ధం చెప్పను. అక్కడ పది మంది కూర్చుంటే అందరూ భూముల మాటే. మనవైపు పది మంది కూడితే వాన మాట వస్తుంది. వీళ్ళు మొగులు దిక్కు కూడా చూడడం లేదు.

ఆటో అతనికి "చెరువు కాడ దింపు" అన్నాను. అతను నన్ను ఒక పెద్ద ఫంక్షన్ హాలు గేటు ముందు దింపి వెళ్ళిపోయాడు. బోర్డు మీద నీళ్ళ బొమ్మ ఉంది, అతని తప్పేముంది! అక్కడి వాచ్‌మన్ నన్నూ, నా మూటనూ ఎగాదిగా చూశాడు.

"ఏ పెండ్లికొచ్చినవ్ అవ్వా? పిల్లదిక్కా, పిలగాని దిక్కా?"

"చేపల దిక్కు నాయనా. చెరువుకు పోవాలి."

"అట్లనా! ఈ మోరీ పొంటి పో, తప్పిపోవు. ఈడి మురికంతా చెరువుకే పోతది."

ఆ మాట అతను ఎగతాళికి అనలేదు. దారి చెప్పాడంతే. నేను ఆ మురికి కాలువ వెంబడే నడిచాను. తెల్లటి నురగ నాతోపాటే నడిచింది.

యాదమ్మ ఇల్లు

మా మరిది నర్సింలు అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. "వదినె వచ్చింది, ఊరంతటికి వాసనొచ్చింది" అని లేచి మూట అందుకున్నాడు. యాదమ్మ మాత్రం నన్ను పట్టుకుని కాసేపు వదల్లేదు. సన్నబడింది. కళ్ళ కింద నల్లగా వలయాలు.

జొన్నరొట్టె చేసింది, చేపల పులుసు పెట్టింది. మేం పులుసులో మెంతులు వేస్తాం, వాళ్ళు నువ్వుల పొడి వేస్తారు. కమ్మగానే ఉంటుంది. తింటుంటే నర్సింలు గోడకు అంటించిన కాగితం చూపించాడు. యూనివర్సిటీవాళ్ళు ఇచ్చింది. చేప బొమ్మ, దాని వీపు రెక్క పక్కన ఎర్రటి దారంలాంటి గుర్తు.

"గిసొంటి చేప దొరికితె చెప్పమన్నరు వదినె. రెండేండ్లాయె. ఎర్ర దారం చేప ఒక్కటి నా కండ్ల పడలే. సచ్చినయేమో అన్నీ."

అప్పుడు యాదమ్మ తమ మొక్కు సంగతి చెప్పింది. అది మన దగ్గర లేని ఆచారం, వినండి. యూనివర్సిటీవాళ్ళు రాకముందు ఆ చెరువులో రెండుసార్లు చేపలు చచ్చి తేలాయట. అప్పుడు ఊరి ఆడవాళ్ళంతా కలిసి కట్ట మైసమ్మకు మొక్కుకున్నారు. ఇంటికొక చేపను తీసుకుని, ఒంటికి పసుపు రాసి, వీపు రెక్కకు పసుపు దారం కట్టి, చెరువును కాపాడమని నీళ్ళలోకి వదిలారు. మొక్కు చేప మళ్ళీ నీళ్ళు దాటి బయటికి రాకూడదు. వలలో పడితే వల అంచు కిందికి అణిచి, నీళ్ళలోనే తప్పించాలి. మగవాళ్ళు దాన్ని చూసినా చూడనట్టే ఉండాలి. మన కృష్ణ ఒడ్డున పడవలోకి వచ్చిన మొదటి చేపను నదికి తిరిగి ఇచ్చేస్తాం, అంతే కదా. వీళ్ళది ఇంకా గట్టి పట్టింపు.

"మైసమ్మ సత్తెం అక్కా" అంది యాదమ్మ. "వల ఏసినప్పుడల్లా మా దారం చేపలు కనవడుతయి. మేం వదిలినయి గిన్నే, కనవడేటియి గన్ని! పిల్లల పెట్టినట్టున్నయి."

"దారం కట్టుకునే పుట్టాయా ఆ పిల్లలు?" అన్నాను నేను.

ఇంట్లో అందరం నవ్వాం. ఆ ఊళ్ళో మేం అందరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

చెరువులో వల

మరునాడు యూనివర్సిటీ నుంచి ఒక సారు, ఒక మేడం వచ్చారు. సారుకు నెత్తి నెరిసింది, మోకాళ్ళ నొప్పి. చెడ్డవాడు కాదు, వచ్చీరాగానే నర్సింలు భుజం మీద చేయి వేసి, అతని తల్లి కంటి ఆపరేషను సంగతి అడిగాడు. మేడం చిన్న వయసు పిల్ల. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళల్లో ఎంత గాలి ఉందో చూసే చిన్న పెట్టె పట్టుకుని బురదలోకి దిగిపోయింది. యాదమ్మ ఆమెను "బిడ్డా" అనే పిలుస్తుంది.

మగవాళ్ళు తెప్పల మీద పోయి పెద్ద వలను చుట్టూ తిప్పారు. ఆడవాళ్ళం నడుములోతు నీళ్ళల్లో నిలబడి వల అంచు పట్టుకున్నాం. వల దగ్గరికి వస్తున్నకొద్దీ నీళ్ళు ఉడుకుతున్నట్టు కదిలాయి. నా మోకాలికి ఏదో బరువుగా తగిలింది. వంగి చూస్తే చంకన ఎత్తుకునేంత బొచ్చె చేప, వీపు మీద పాచి పట్టిన దారం. యాదమ్మ "అమ్మా మైసమ్మా" అంటూ వల అంచు కాలితో అణిచింది. చేప జారిపోయింది. ఆమె తడిచేయి కళ్ళకు అద్దుకుంది. అటు పక్క ఇంకొకామె ఇంకొకదాన్ని వదిలింది. మళ్ళీ ఇటు ఒకటి. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. మేం దాచలేదు, వాళ్ళు అడగలేదు. వాళ్ళకు కావలసింది ఎర్ర దారం, ఇది మా మైసమ్మది.

వల ఒడ్డుకు చేరింది. మేడం ఒక్కొక్క చేప వీపు తడిమి చూసింది. చూసినకొద్దీ ఆమె ముఖం చిన్నబోయింది. ఆఖరుకు సారు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"నర్సింలూ, రెండేళ్ళల్లో ఒక్కటి కూడా రాలేదు. నేనేం రాయాలి చెప్పు? బతకలేదనే రాయాలి."

"మరి గివేంది సార్, చేపలు గావా? గడ్డపారలా?"

"ఇవి మీరు పోయిన ఏడు వేసినవి. ఏడాది బతకడం వేరు. ఏటేటా చేపలు చచ్చే చెరువు కాదని చూపించాలంటే మేం వదిలినవే కావాలి."

నర్సింలు నీళ్ళల్లోకి ఉమ్మబోయి, ఆగి, పక్కకు తిరిగి మట్టిలో ఉమ్మాడు.

చేవెళ్ల మార్కెట్

పట్టిన చేపల్ని అమ్మాలి కదా. నేనూ యాదమ్మా ఆటోలో చేవెళ్లకు పోయాం. దారి పొడుగునా కూరగాయల మూటలు, బంతిపూల గంపలు, వాటి మధ్య ప్లాట్ల బోర్డులు. మార్కెట్లో టమాటాల వెనక చోటు దొరికింది. మనవైపు చేపను తోలుతోనే కోస్తాం, వీళ్ళలో సగం మంది తోలు తీయమంటారు. తోలు తీస్తే చేపలో రుచి ఏముంటుంది! నా చేతికి ఆ పని రాక రెండు ముక్కలు నలిపేశాను. కొనేటామె నన్ను చూసి, "కొత్తదా ఈమె?" అని యాదమ్మను అడిగింది. యాభై ఏళ్ళుగా చేపలు కోస్తున్నదాన్ని, కొత్తదాన్నయ్యాను.

ఒకాయన బొచ్చెను వేలితో పొడిచి చూశాడు.

"ఏ చెరువువి?"

యాదమ్మ చెప్పింది.

"వామ్మో! ఫంక్షన్ హాలు చేతులు కడిగిన నీళ్ళు తాగిన చేపలా? బిర్యానీ ముక్కలు దొరుకుతయేమో కడుపుల!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామూలుగా అయితే మా చెల్లెలు ఊరుకోదు. నోరు తెరిచిందంటే మార్కెట్ సగం ఖాళీ అవుతుంది. ఆ రోజు మాత్రం తల వంచుకుని పొలుసు తీసింది. వచ్చేటప్పుడు ఆటోలో ఒక్క మాట అంది.

"అక్కా, చెరువు పోతే నేను కూడ ఏదో గోడ లోపల రొట్టెలు చేసుడే గదా."

మబ్బు కమ్ముకుంది. ఆకు కదలడం లేదు, ఒకటే ఉక్కపోత.

కట్ట మీద

మరునాడు పొద్దున్నే కట్ట కింద ఒక దారం చేప చచ్చి పడి ఉంది. అది చూసి ఆడవాళ్ళంతా కూడారు. మొక్కు చేప చనిపోతే మనిషికి చేసినట్టే చేయాలట. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కట్ట మీద పాతిపెట్టాలట. అదివరకు దారం చేప చచ్చి ఎవరి కంటా పడలేదట, ఇదే మొదటిది. యాదమ్మ ఏడుస్తూ కూర్చుంది. ఆ పద్ధతి తెలియనిదాన్ని, చెయ్యి ఖాళీగా ఉన్నదాన్ని నేనే కాబట్టి, కడిగే పని నాకు అప్పజెప్పారు.

చెంబు నీళ్ళు పోసి దారం మీది పాచిని వేలితో రాశాను. కింద పసుపు రంగు తేలింది. ఇంకా రాశాను. దాని మీద అంకెలు! బస్సు నంబరు చదివేంత చదువు నాకుంది. దారం మీద అంకెలు ఎవరు రాస్తారు?

"యాదీ, మీరు దారం మీద నంబర్లు రాసి కట్టారా?"

"నీకేమన్న పిచ్చా అక్కా?"

నర్సింలు వచ్చి చూశాడు. మేడంకు ఫోన్ చేశాడు. మేం అందరం వినేలా పెట్టాడు.

"మేడం, చేప దొరికింది. దారం మీద నంబర్లున్నయి. గాని పసుపు దారం మేడం."

"అన్నా... పసుపా? అయ్యో అన్నా, మీ చెరువు కాడికి వచ్చేసరికి ఎర్రవి అయిపోతే అన్నిటికీ పసుపువే వేసినం. కాగితం మీద బొమ్మ మాత్రం పాతదే ఉండె. మార్చాలన్న సోయి లేకపాయె. ఇంకా ఉన్నయా అట్లాంటివి?"

"ఉన్నయా అంటున్నవా బిడ్డా!" యాదమ్మ ఫోన్ గుంజుకుంది. "నిన్న నీ ముంగటనే నా కాలి కిందికెళ్ళి పోయినయి! మా మొక్కు చేపలనుకున్నమమ్మా, మా చేతులతోని మేమే వదిలినం!"

మేడం ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. రేపే వస్తానంది, తన ముందే మళ్ళీ వల వేయాలంది, సారుతో తాను మాట్లాడతానంది. ఆడవాళ్ళు ఆ రోజంతా గుంపుగా కూర్చుని ఒకటే చర్చ. మొక్కు చేపను నీళ్ళు దాటించొచ్చా, దాటిస్తే మైసమ్మ ఏమంటుంది? ఆఖరుకు ఒక ముసలామె తేల్చింది. "మైసమ్మకు చెరువు కావాలె గాని చేప ఎందుకే? దాటియ్యిండ్రి." యాదమ్మ కట్ట మీద కొబ్బరికాయ కొట్టి, తప్పు కాయమని దండం పెట్టింది. ఆ పూట రొట్టె కడుపు నిండా తింది. మొగులు మాత్రం అలాగే మూసుకుని ఉంది. గాలి లేదు.

తేలిన చేపలు

తెల్లవారుతుంటే నర్సింలు కేక వినబడింది. అందరం కట్ట మీదికి పరిగెత్తాం.

చెరువంతా తెల్లగా ఉంది. ముందు మోరీ నురగ అనుకున్నాను. అవి చేపల పొట్టలు. బతికి ఉన్నవి నోళ్ళు పైకి తెరిచి గుటకలు వేస్తున్నాయి, మనిషి ఊపిరి అందక ఎగబీల్చినట్టే. మా యాదమ్మ చీరతోనే నీళ్ళల్లోకి దిగి రెండు చేతులతో నీళ్ళు చిలికింది. గాలి పుట్టించాలని. అందరం దిగాం, గిన్నెలతో, చేటలతో, చేతులతో చిలికాం. అంత పెద్ద చెరువుకు మన చేతులెంత!

మేడం వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె పెట్టె నీళ్ళల్లో ముంచి చూసి, తీసేసింది. మబ్బుకు నీళ్ళల్లో గాలి తగ్గుతుందట, పైనుంచి మురికి దిగితే ఉన్న కాస్తా అదే తాగేస్తుందట. రెండూ ఒక్క రాత్రే కలిశాయి.

చచ్చిన చేపల్ని ఒడ్డుకు చేర్చాం. వాటిలో దారం చేపలు ఎన్నో. ఒక్కొక్కటి పసిపిల్లంత బరువు. రెండేళ్ళు బతికాయి, బాగా పెరిగాయి. ఆమెకు కావలసిన రుజువంతా ఒడ్డున కుప్ప పోసి ఉంది. మేడం అక్కడి నుంచే సారుకు ఫోన్ చేసింది. ఆయన గొంతు మాకూ వినబడింది.

"బతికాయని రాస్తానమ్మా, తప్పకుండా రాస్తాను. మరి ఇప్పుడు చచ్చాయని కూడా రాయాలి కదా?"

ఆ చెరువు ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను, మీ మనసు అక్కడే కొట్టుకుంటుంది. నేను ఇల్లు చేరిన కొన్నాళ్ళకు నర్సింలు ఫోన్ చేశాడు. చెరువు చేపలకు పనికిరాదని తేలింది. బోటింగుకు ఇచ్చారు. యాదమ్మకు చిన్న మంగళారం దిక్కు ఒక ఫామ్‌హౌస్‌లో పని దొరికిందట.

కాని ఆ పొద్దున జరిగింది ఇంకొకటుంది. మేడం దారాలన్నీ కోసి, ఒక్కొక్కటి గోటితో గీకి నంబరు చూసి పక్కన పెడుతోంది. యాదమ్మ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, వీట్ల మావి ఏవి? మీవి ఏవి?"

మేడం తల ఎత్తలేదు. ఒకటి గీకింది, నంబరుంది. ఇంకొకటి గీకింది, నంబరుంది. యాదమ్మ కదలకుండా ఆమె గోటినే చూస్తోంది. కుప్ప తరిగిపోయింది. ఆడవాళ్ళు కట్టిన నూలు దారం నీళ్ళల్లో ఎన్నాళ్ళుంటుంది! ఎప్పుడో కుళ్ళిపోయి ఉంటుంది. వీళ్ళు ఇన్నాళ్ళూ కళ్ళకద్దుకుని వదిలినవన్నీ యూనివర్సిటీవే.

ఆఖరిది మిగిలింది. మేడం దాన్ని చేతిలోకి తీసుకుంది. పాచి మందంగా పట్టి ఉంది. గోరు ఆనించి ఆగింది. గీకలేదు. అట్లాగే యాదమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీదే అమ్మా. మా దారం తీరుగ లేదు."

యాదమ్మ దాన్ని వేళ్ళ మధ్య ఒకసారి నలిపింది, కొంగున ముడి వేసుకుంది. ఆ చేపకు పసుపు రాసి, కొంగు ముడి విప్పి దారం దాంతోనే పెట్టి, కట్ట మీద పాతింది. మేడం మట్టి తోడింది.

నన్ను బస్సు ఎక్కించడానికి మొయినాబాద్ దాకా వచ్చినప్పుడు మెల్లగా అడిగాను. "ఒక్కటన్నా మీది దొరికింది కదా చెల్లీ?"

"యాడిది అక్కా! నైలానే అది. పుట్టినకాన్నుంచి వలలు అల్లుతున్న, నైలానేదో నూలేదో నా వేలికి తెల్వదా?"

"మరి ఊరుకున్నావేం?"

"ఆ పిల్ల నాకేదన్న ఇయ్యాలని చూసిందే. ఆమె చేతుల ఇంకేమున్నది ఇయ్యనీకె?" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, నా మూట బస్సులోకి అందించింది.

ఇంతే. ఇక లేవండి, అన్నం చల్లారుతుంది. మీ కుండల్లో నీళ్ళు తేటగా ఉండుగాక. మీ ఇళ్ళల్లో ఊపిరికి కరువు రాకూడదు. ఏమీ మిగలని రోజున కూడా ఇచ్చే చేయి ఒకటి, కాదనక పట్టుకునే చేయి ఒకటి మీ గడపలో ఉండాలి. చల్లగా ఉండండి.